వాలుగ దవడ, వంద నంబరు పోగు

పొందూరు ఖద్దరు మీద కత్తెర పెట్టే ముందు దాన్ని రాత్రంతా నీళ్లలో నానబెట్టాలి. పొద్దున్నే పిండకుండా నీడన ఆరేసి, తడి పూర్తిగా పోకముందే ఇస్త్రీ చేసి, అప్పుడు టేపు తియ్యాలి. విజయనగరం గంటస్తంభం దగ్గర నేను కాజాలు కుట్టే కుర్రాడిగా చేరిన కొట్టులో మా మేస్త్రి మొట్టమొదట నేర్పింది ఇదే. నానబెట్టకుండా కుట్టిన జుబ్బా మొదటి ఉతుక్కే పొట్టిదైపోతుంది. ఆ తరవాత దాన్ని పట్టుకుని కొట్టు మెట్లెక్కే మనిషి ఏం మాట్లాడతాడో దర్జీలందరికీ తెలుసు.

మిల్లు బట్ట చెప్పిన మాట వింటుంది. సుద్ద గీత మీద నిక్కచ్చిగా తెగుతుంది. పొందూరు బట్ట అలా కాదు. చేత్తో వడికిన నూలు కనక పోగు పోగుకీ సన్నం లావుల తేడా ఉంటుంది, కత్తెర కింద కాస్త పక్కకి జారుతుంది. పాలియెస్టరు దారం వేస్తే కొన్నాళ్లకి ఆ దారమే బట్టని కోసేస్తుంది కాబట్టి నూలు దారమే వాడాలి. సూది సన్నది ఉండాలి. కుట్టు లోపల మామూలు కంటె ఎక్కువ బట్ట వదలాలి. ఇంత గారాబం చేయించుకునే బట్ట ఇంకొకటి నా చేతికి రాలేదు, చేసిన గారాబానికి ఇంత ఫలితం చూపించేదీ రాలేదు. ఉతికినకొద్దీ మెత్తబడుతుంది. పదేళ్లు కట్టిన పంచె కొత్తదాని కంటె బాగుంటుందని చెప్పే మనుషులు మా విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఇప్పటికీ ఉన్నారు.

మా అమ్మాయి ఫ్యాషన్ డిజైనింగ్ చదివే రోజుల్లో బిల్ గిబ్ అనే స్కాట్లాండు ఆయన మీద ఒక వ్యాసం రాసి, భోజనాల దగ్గర నాకు చదివి వినిపించింది. 1943లో స్కాట్లాండు ఈశాన్య మూల వ్యవసాయదారుల ఇంట పుట్టిన మనిషి. లండన్ వెళ్లి డిజైను చదువుకున్నాడు. గళ్ల ఉన్ని, పూల నూలు, చేతి అల్లిక, ఒకదానికొకటి సరిపడవని అందరూ అనుకునేవాటిని ఒకే ఉడుపులో కలిపేశాడు. 1970లో ఇంగ్లండులోని బాత్ నగరంలో ఉన్న దుస్తుల మ్యూజియం ఆ ఏటి మేటి ఉడుపుగా ఆయన కుట్టించినదాన్నే ఎంచింది. వ్యాపారం మాత్రం నిలదొక్కుకోలేదు. 1988లో, నలభై అయిదేళ్లు నిండకుండానే పోయాడు. ఆ మేటి ఉడుపులో అల్లిక నమూనా గీసింది కేఫ్ ఫాసెట్ అనే ఆయన, దాన్ని చేత్తో అల్లింది మిల్డ్రెడ్ బౌల్టన్ అనే ఆవిడ అని మా అమ్మాయి చదువుతుంటే నేను అన్నం కలపడం ఆపేశాను. అల్లినావిడ పేరు కూడా రాసి పెట్టుకున్నారన్నమాట.

"నాన్నా, మన వైపు ఇలాంటి డిజైనరు ఎవరున్నారు?" అంది.

"పొందూరు" అన్నాను.

"అది ఊరు కదా. మనిషి పేరు చెప్పు."

చెప్పడానికి పేరు లేదు, పని ఉంది. ఆ పని ముందు చెప్తాను.

పొందూరు శ్రీకాకుళం జిల్లాలో మద్రాసు–హౌరా రైలు దారి మీద ఉన్న ఊరు. చుట్టుపక్కల ఎర్రనేలల్లో, మెట్టల మీద కొండపత్తి అని ఒక పొట్టి పింజ పత్తి పండిస్తారు. పునాస పత్తి అని ఒకటి, కాస్త గోధుమరంగు తేలే ఎర్రపత్తి అని ఇంకొకటి. మిల్లులకి పొడుగు పింజ కావాలి, ఈ పత్తిని అవి ముట్టుకోవు. పొట్టి పింజతో సన్న నూలు రాదని మిల్లు ఇంజనీర్ల లెక్క. ఆ పొట్టి పింజనే పట్టుకుని పొందూరు పట్టుశాలీల ఇళ్లలో ఆడవాళ్లు వంద నంబరు నూలు, ఒక్కోసారి అంతకంటె సన్నది, వడుకుతూ వచ్చారు.

వంద నంబరు అంటే ఏమిటో కొట్టుకొచ్చినవాళ్లకి నేను ఇలా చెప్తుంటాను. ఒక పౌను, అంటే అర కిలోకి కాస్త తక్కువ, పత్తి నుంచి 84,000 గజాల పోగు తీస్తే అది వంద నంబరు. కిలోమీటర్లలో 76 దాటుతుంది. విజయనగరంలో ఒక కొస కట్టి రోడ్డు వెంబడి లాక్కుపోతే శ్రీకాకుళం ఊరు దాటాక కూడా చేతిలో పోగు మిగిలే ఉంటుంది.

ఇది సాధ్యం కావడానికి కారణం రాట్నం ఒక్కటే అనుకుంటారు. రాట్నం దగ్గరికి చేరేలోపు ఆ పత్తికి జరిగే మర్యాదలు చూడాలి. గింజతో ఉన్న పత్తిని మొదట చెత్తా చెదారం లేకుండా చేత్తో ఏరుతారు. తరవాత వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఈ దవడలు రాజమండ్రి వైపు గోదావరి జాలర్ల దగ్గర నుంచి వస్తాయి. ఒక్కో దవడని ముక్కలు చేసి, పుల్లకి కట్టి, దువ్వెన్నలా చేసుకుంటారు. వాలుగ నోరు తెరిచి చూసినవాళ్లకి తెలుస్తుంది, దానికి ఒక వరస పళ్లు కాదు, సన్నగా గరగరలాడే పళ్ల పట్టీలు ఉంటాయి. వాటి మధ్య నుంచి పోతే పత్తిలో దుమ్ము రాలిపోతుంది, పింజలన్నీ ఒక వైపుకి సర్దుకుంటాయి.

మా ఆవిడకి పిన్ని వరస అయ్యే ఒకావిడ పొందూరు కోడలు. ఆవిడ అరుగు మీద కూచుని దువ్వుతుంటే అడిగాను, "ఈ ఎముకే ఎందుకు చిన్నత్తా, సన్న దువ్వెన్న చాలదా?" అని.

"దువ్వెన్న పళ్లు బిరుసు అల్లుడుగోరూ. పింజ తెగిపోద్ది. ఇది తెంపదు. మా అత్త దీంతోనే దువ్వింది. ఆయమ్మ అత్తా దీంతోనే."

"మొదట ఎవరు కనిపెట్టారో?"

"ఎవులో ఒకావిడే అయ్యుంటది. మొగోళ్లకి ఇంత ఓపికేటి?"

నేను దీన్ని ఊరికే నవ్వుకుని వదిలెయ్యలేదు. పొందూరు ఎక్కడ, గోదావరి చేప ఎక్కడ. కూర వండుకుని పారేసే ఎముకని పత్తి మీద పెట్టి చూడాలని ఎవరికో తట్టింది. తట్టినది పనిచేస్తోందని పక్కింటావిడ చూసింది. డిజైను కాలేజీలో 'ఇన్నొవేషన్' అని చెప్పేది ఇదే కదా.

దువ్విన పత్తిని చెక్క పలక మీద పెట్టి సన్నటి ఇనప కడ్డీ దొర్లిస్తే గింజ ఒక పక్కకి జారిపోతుంది. అదే గింజ తీసే పనికి జిన్నింగ్ మిల్లులో యంత్రం పత్తిని లాగి పీకుతుంది, వేడెక్కిస్తుంది. తరవాత దాన్ని బేళ్లుగా తొక్కి రాయిలా చేస్తారు, ఆ రాయిని మళ్లీ విప్పడానికి ఇంకో యంత్రం. ఈ బేలు కట్టడంలోనే పత్తి ప్రాణం సగం పోతుందని బేలు కట్టని పత్తితో నేసే మల్ఖా బట్ట వెనక పనిచేసిన ఉజ్రమ్మ గారు చాలా ఏళ్లు చెబుతూ వచ్చారు. పొందూరు పత్తి ఎన్నడూ బేలు చూడలేదు. కడ్డీ దాటిన దూదిని చిన్న విల్లుతో ఏకుతారు, ఏకులు చుడతారు. చుట్టిన ఏకులు గాలికి, చేతి చెమటకి రేగిపోకుండా ఎండిన అరటి దొప్పలో పెడతారు. దొప్ప లోపలి వైపు ఎంత నున్నగా ఉంటుందో వేలు పెట్టి చూడండి. అప్పుడు 24 ఆకుల రాట్నం, ఒకటే కదురు. ఎడమ చేతిలో అరటి దొప్పలోని ఏకు, కుడి చేత్తో చక్రం. పోగు ఎక్కడ పల్చబడుతోందో కన్ను కంటె ముందు వేలికి తెలుస్తుంది.

ఇదంతా గాంధీ గారితో మొదలైందని చాలామంది అంటారు. కాదు. గాంధీ గారు వచ్చేసరికి ఇదంతా ఉంది. పదిహేడో శతాబ్దంలో భీమునిపట్నంలో డచ్చివాళ్లు కొట్లు పెట్టుకుని కూచుంది ఈ వైపు బట్టల కోసమే. శ్రీకాకుళం సన్నబట్టకి ఇంగ్లీషు వాళ్ల కాగితాల్లో చికాకోల్ మస్లిన్ అని పేరు. 1765లో ఢిల్లీ పాదుషా ఫర్మానాతో ఉత్తర సర్కారులు ఈస్టిండియా కంపెనీ చేతికి వెళ్లాక నేతగాళ్లకి ముందస్తు సొమ్ము ఇచ్చి కట్టేసుకోవడం గట్టిపడింది. సొమ్ము తీసుకున్నవాడు బట్ట ఇంకొకరికి అమ్మకూడదు. ఇంతలో 1779లో ఇంగ్లండులో క్రాంప్టన్ కొత్త వడుకు యంత్రం చేశాడు. దాని నూలుతో స్కాట్లాండులో గ్లాస్గో, పెయిస్లీ ఊళ్లు మస్లిన్ నెయ్యడం మొదలుపెట్టాయి. కొన్ని దశాబ్దాలకి కంపెనీ ఇక్కడ బట్ట కొనడమే మానేసింది. అక్కడి బట్ట ఇక్కడికి ఓడల్లో రావడం మొదలైంది.

ఇక్కడ ఇంకో స్కాట్లాండు ఆయన వస్తాడు. జాన్ ఫోర్బ్స్ వాట్సన్, వృత్తికి డాక్టరు. లండన్‌లోని ఇండియా మ్యూజియంలో పెద్ద ఉద్యోగి. 1866లో ఆయన హిందూదేశపు బట్టల నమూనా పుస్తకాలు తయారుచేశాడు. ఒక్కో సెట్టులో 18 సంపుటాలు, అందులో 700 అసలు బట్ట ముక్కలు. అలాంటి సెట్లు 20. పదమూడు బ్రిటన్ పట్టణాలకి, ఏడు ఇండియాకి. ప్రతి ముక్క పక్కనా దాని పొడుగు, వెడల్పు, బరువు, ఎక్కడ కొన్నారు, ఎంత ధర అన్నీ ఉన్నాయి. మాంచెస్టరు వాడో గ్లాస్గో వాడో ఆ పుస్తకం ముందు పెట్టుకుని ఈ దేశంలో ఎవరు ఏం కడుతున్నారో చూసి అలాంటిదే మరమగ్గం మీద నెయ్యాలన్నది ఉద్దేశం. మా కొట్టుకి కూడా సూటింగ్ కంపెనీల నమూనా పుస్తకాలు వచ్చేవి, జిగ్ జాగ్ అంచు కత్తిరించిన ముక్కలతో. వాట్సన్ చేసిన పని చూస్తే దర్జీగా నాకు ముచ్చటే వేస్తుంది, అంత శ్రద్ధ. కానీ నేసినవాడి పేరు రాసే గడి ఆ చీటీల్లో లేదు. ఒక మనిషికి ఒక గజం బట్టలో ఇన్ని కొలతలు కనపడి, చెయ్యి కనపడకపోవడం ఆ కాలపు చూపు.

1921లో బెజవాడలో కాంగ్రెసు సభ జరిగింది. జూన్ నెలాఖరులోపు కోటి రూపాయల తిలక్ నిధి, కోటిమంది సభ్యులు, ఇరవై లక్షల రాట్నాలు అని తీర్మానం. ఆ ఏడే పొందూరు నూలు సంగతి గాంధీ గారి చెవిన పడి, అంత సన్నది చేత్తో ఎలా వస్తోందో చూసి రమ్మని కొడుకు దేవదాస్‌ని పంపారని పొందూరులో ఏ అరుగు మీద అడిగినా చెప్తారు. దేవదాస్‌కి అప్పుడు ఇరవై ఒక్క ఏళ్లు. దేశమంతా ముతక ఖద్దరు కట్టుకుని త్యాగం చేస్తున్నామనుకుంటున్న రోజుల్లో, ఇక్కడ ఖద్దరు కట్టడం త్యాగం కాదు, సోకు.

దీనికి పక్కనే పెట్టి చూడాల్సిన సంగతి ఒకటుంది. 1929లో అఖిల భారత చరఖా సంఘం కొత్త రాట్నం కనిపెట్టినవారికి లక్ష రూపాయల బహుమతి ప్రకటించింది. ఎనిమిది గంటల్లో 12 నుంచి 20 నంబరు నూలు 16,000 అడుగులు రావాలి, ధర 150 రూపాయలు మించకూడదు. ఆ బహుమతి ఎవరికీ దక్కలేదు. షరతుల్లో ఉన్న నంబరు చూడండి, ఇరవై దగ్గర ఆగింది. దేశం వేగం అడిగింది. పొందూరు దగ్గర ఉన్నది సన్నదనం. చరఖా సంఘం లెక్కలో దానికి బహుమతి లేదు.

స్వరాజ్యం వచ్చాక 1949లో పొందూరులో ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం పెట్టారు. 1955లో భూదాన యాత్రలో వచ్చిన వినోబా భావే దాని భవనానికి శంకుస్థాపన చేశారు. సంఘం పత్తి కొని ఇస్తుంది, వడికిన నూలు చుట్టలు, అంటే చిలపలు, తీసుకుని నంబరును బట్టి కూలి ఇస్తుంది, ఆ నూలు నేతగాళ్లకి ఇచ్చి బట్ట తీసుకుంటుంది. 1950ల్లో ఎక్కువ కదుర్లున్న అంబర్ చరఖా దేశమంతా తిరిగింది. కొండపత్తి మటుకు ఒంటి కదురు వదలలేదు. పొట్టి పింజ యంత్రపు లాగుడికి ఆగదు.

నేను పనిలోకి వచ్చేసరికి టెరికాటన్ రాజ్యం. పెళ్లికొడుకులందరికీ టెరికాటన్ షర్టు, బెల్బాటం ప్యాంటు. ఖద్దరు పట్టుకొచ్చేవాళ్లు మూడే రకాలు: రాజకీయ నాయకులు, పాతకాలపు మాస్టార్లు, కన్యాశుల్కం ఆడే నాటక సమాజాలవాళ్లు. మూడో రకం వాళ్లు కూలి అడ్వాన్సుగా ఇచ్చేవారు, గిరీశంలా ఎగ్గొడతారని మేం అనుకుంటామని కాబోలు. ఎన్నికలొస్తే జుబ్బాల మీద జుబ్బాలు. సినిమా నటుడు అక్కినేని నాగేశ్వరరావు గారు పొందూరు పంచెలే కడతారని ప్రచారమయ్యాక పెళ్లి వయసు దాటిన మగాళ్లలో కాస్త కదలిక వచ్చింది. ఆయన లాల్చీ పంచెతో పత్రికలో ఫొటో పడితే, అదే పట్టుకొచ్చి "ఇదే మెడ, ఇదే చెయ్యి" అని అడిగేవారు. మెడ కుట్టగలం, బట్ట పడే తీరు మాత్రం నూలుదే.

మా చేతికి వచ్చే ఈ తెల్లబట్ట మీద రంగు, బొమ్మ పెట్టే ధైర్యం మా వైపు ముందు నుంచీ నేతగాళ్లదే. శ్రీకాకుళం జిల్లా బొంతలకోడూరులో జాందానీ నేస్తారు. పడుగు మీద పేక పోతూ ఉండగానే, బుటా వచ్చే చోట చిన్న చిన్న రంగు దారాల ఉండలు వేళ్లతో దూర్చి బొమ్మ కడతారు. జకార్డు లేదు, అట్టలు లేవు. గుంటమగ్గం, కింద పెట్టుకున్న కాగితం మీది బొమ్మ, రెండు జతల చేతులు.

హైదరాబాదు డిజైనరు గౌరంగ్ షా ఈ చేతులని వెతుక్కుంటూ వచ్చాడు. ఆయన డిజైను కాలేజీలో చదివినవాడు కాదు, బట్టల కొట్టులో పెరిగినవాడు. అందుకే నాకు ఆయన మీద కొంచెం ఎక్కువ అభిమానం, దాచుకోను. మహానటి సినిమాలో సావిత్రి కట్టిన చీరలు మళ్లీ నేయించిన పనికి ఇంద్రాక్షి పట్నాయక్, అర్చనా రావులతో కలిసి జాతీయ అవార్డు తీసుకున్నాడు. 2019లో గాంధీ 150వ జయంతి ఏట ఆయన చేయించిన పని ఇంకా పెద్దది. రాజా రవివర్మ చిత్రాలని ఖాదీ చీరల కొంగుల మీద జాందానీలో నేయించాడు. సహజ రంగులు అద్దిన నూలు, శ్రీకాకుళం వైపు నేత. ముఖం మీద పడే వెలుగు, చీర కుచ్చెళ్లలో నీడ, నూనెరంగులు కుంచెతో కలిసిపోయేవి ఇక్కడ పోగు పక్కన పోగుగా పేర్చాల్సిందే. రవివర్మ బొమ్మలు ఒకప్పుడు అచ్చు యంత్రం పుణ్యమా అని ప్రతి ఇంటి గోడ మీదా కేలండరై వేలాడాయి. యంత్రం చవక చేసిన బొమ్మని మళ్లీ చేత్తో, నెలల తరబడి కూచుని నేయడం ఏమిటని మా అల్లుడు అడిగాడు. ఎంత బాగుందో చూడు అన్నాను. ఇంతకంటె జవాబు నా దగ్గర లేదు, అక్కర్లేదు కూడా.

అయితే ఆ చీరలని గౌరంగ్ షా చీరలు అంటాం. బొమ్మ రవివర్మది. ఇద్దరి పేర్లూ చెప్పాక ఆగిపోతాం. గౌరంగ్‌ని తప్పు పట్టడం లేదు, నేతగాళ్ల గురించి ఆయన చెబుతూనే ఉంటాడు. వినేవాళ్ల నోట్లో ఒక పేరుకే చోటుంటుంది.

ఇప్పుడు పొందూరు వెళ్తే రాట్నాల ముందు కూచున్నవాళ్లలో నెరిసిన తలలే ఎక్కువ. కూతుళ్లు రారు, ఎందుకు వస్తారు? రోజంతా కూచుని వడికినా వచ్చే కూలి తాపీ పని కూలికి సాటి రాదు. కొండపత్తి వేసే రైతూ తగ్గాడు. ఎకరానికి దిగుబడి తక్కువ, కొనేది ఒక్క సంఘమే. మొక్కజొన్న వేసుకుంటే అంగట్లో ఎవడైనా కొంటాడు. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు రాజాం, సంతకవిటి విజయనగరంలో కలిశాయి. అంటే ఆ పత్తి పండే నేల ఇప్పుడు మా జిల్లాలోనూ ఉంది. మా కలెక్టరేటులో దాన్ని ఎవరైనా తమ పంటగా లెక్క రాసుకున్నారో లేదో కనుక్కోవాలి. వాలుగ దవడలకైతే ఇప్పటికీ గోదావరే గతి.

పొందూరుదని చెప్పి అమ్మే బట్టలో మిల్లు నూలు కలిసినది చాలా ఉంది. కొనేవాళ్లకి ఒక పని చెప్తాను. అంచు దగ్గర ఒక పేక పోగు లాగి, వెలుతురుకి ఎత్తి పట్టుకుని, మెలిక విప్పండి. మిల్లు నూలు ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే తీరున ఉంటుంది. చేతి నూలులో జానెడు పొడుగులోనే రెండు మూడు చోట్ల సన్నగిల్లి లావెక్కడం కనిపిస్తుంది. నిజంగా కొండపత్తిదైతే తెలుపు సున్నంలా ఉండదు, పాలమీగడ ఛాయ ఉంటుంది.

మా అమ్మాయికి ఇప్పుడు తన సొంత కొట్టు ఉంది. పొందూరు బట్టతో కుట్టిన ప్రతి జుబ్బాకీ లోపల ఒక చీటీ కుట్టి, వడికినావిడ పేరు, నేసినాయన పేరు రాస్తానంది. మిల్డ్రెడ్ బౌల్టన్ సంగతి మర్చిపోలేదన్నమాట. చిన్నత్త దగ్గరికి వెళ్లి అడిగాం. వడికేవాళ్లకి పాసుపుస్తకం ఉంటుంది, ఎవరు ఎన్ని చిలపలు ఇచ్చారో అందులో ఎక్కుతుంది. కానీ ఒకే నంబరు చిలపలన్నీ ఒక చోట కలిపేశాక పడుగు కోసం ఆసు పోస్తారు. ఒక పంచె పడుగులో అయిదారు ఇళ్ల నూలు ఉండొచ్చు, పేకలో ఇంకో ఇద్దరిది. "అందరి పేర్లూ రాస్తే చీటీ పంచంత అవుద్ది కదమ్మా" అంది చిన్నత్త. ప్రస్తుతానికి నేసినాయన పేరూ, వడికిన వీధి పేరూ రాస్తోంది. పేర్లన్నీ పట్టేలా చీటీని ఎలా మడవాలో మా అమ్మాయి ఇంకా కొలతలు వేస్తోంది.